ఏటిగట్టు కింద బురద ఊట

మా ఇల్లు ఏటిగట్టుకు దిగువన ఉండేది. నా చిన్నప్పుడు, వరదలొస్తే గోదావరి మా ఇంటి కప్పుకన్నా ఎత్తున పారుతుందని పెద్దవాళ్లు అంటే నాకు నవ్వొచ్చేది. గట్టుంది కదా అనుకునేదాన్ని. ఆ గట్టును చూసి భయపడటం నాకు నేర్పింది మా పెద్దమ్మ.

పెద్దమ్మ మిషన్ స్కూల్లో తెలుగు టీచరు. పద్యాలు, వ్యాకరణం తప్ప సైన్సు ఏనాడూ చదవలేదు. ఒక ఏడాది సైన్సు మాస్టారు బదిలీ అయి వెళ్లారు. కొత్తాయన రాకపోవడంతో ఆ క్లాసులూ ఆవిడ మీదే పడ్డాయి. జుట్టు నెరుస్తున్న వయసులో పిల్లల పుస్తకం ముందేసుకుని కూర్చునేది. చదివింది ఊరికే నమ్మేది కాదు, చేసి చూసేది. పాల డబ్బాకు పైనా కిందా మేకుతో చిల్లులు పొడిచి నీళ్లు పోస్తే, కింది చిల్లులోంచే ధార జోరుగా చిమ్మింది. రెండు డబ్బాలను అడుగున రబ్బరు గొట్టంతో కలిపి ఒకదాంట్లో నీళ్లు పోస్తే, రెండోదాంట్లోనూ అంతే ఎత్తుకు వచ్చి ఆగాయి.

"చూశావుటే, ఎత్తు సమానమైతే నీళ్లు ఇక తోసుకోవు," అని సంబరపడింది. ఆ తర్వాత కిటికీలోంచి గట్టు వైపు చూసి, "వరదొస్తే ఏరు ఎత్తు, మనం పల్లం," అంది.

ఆ ఏడాది వరద ఎండలో వచ్చింది. మా దగ్గర చినుకు లేదు. ఎక్కడో పైన కురిసిన వానకు నది పెరుగుతూనే ఉంది. మధ్యాహ్నం మా పశువుల పాక వెనక, గట్టు అడుగున, నేలలోంచి నీళ్లు ఉబుకుతున్నాయి. చుట్టూ చీమలపుట్టలా సన్నటి ఇసుక. పెద్దమ్మ ఆ నీళ్లు దోసిట పట్టింది. అరచేతిలో మట్టి మిగిలింది.

"గట్టు లోపలి మట్టి కొట్టుకొస్తోంది," అంది.

ఊళ్లో మగవాళ్లు ఇసుక బస్తాలు తెచ్చి ఊట మీద పడేశారు. కాసేపటికి పక్కనే ఇంకోటి పుట్టింది.

"మూయకండి! చుట్టూ బావి ఒరలా బస్తాలు పేర్చండి. లోపల నీళ్లు నిలవనివ్వండి," అని అరిచింది పెద్దమ్మ.

"మూయకపోతే ఊరు మునగదా అండీ?" అన్నాడొక పెద్దాయన.

"మూస్తే పక్కనుంచి తన్నుకొస్తుందండి. చూశారుగా!"

సందేహిస్తూనే పేర్చారు. లోపల నీటిమట్టం పెరిగేకొద్దీ ఊట జోరు తగ్గింది. నీళ్లు తేటపడ్డాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"గండం గడిచిందండి టీచరుగారూ," అన్నాడు ఆ పెద్దాయనే.

పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "నాకు తెలిసింది రెండు డబ్బాల సంగతేనండి. అంత పొడుగు గట్టు లోపల ఇంకెక్కడ ఏం జరుగుతోందో నాకు తెలీదు. పిల్లల్ని, ముసలివాళ్లని తీసుకుని అందరూ చర్చి మెరక మీదకి పదండి."

కొందరు విసుక్కున్నారు. వాళ్ల గుమ్మాల్లో నిలబడి, బతిమాలి, కోప్పడి మరీ బయటికి రప్పించింది. అన్నం కుండలు పొయ్యి మీదే ఉండిపోయాయి.

మెరక మీంచి గట్టు మొత్తం కనిపించేది. పొద్దు వాలకముందే, ఊటకు బాగా అవతల, ఎవరూ వెళ్లి చూడని చోట, గట్టు మీది తాటిచెట్టు నిలువునా కిందికి దిగింది. చప్పుడేమీ లేదు. అలాగే కాసేపు నిలబడి, నెమ్మదిగా ఒరిగింది. అక్కడ పడ్డ గండిలోంచి గోదావరి మా వీధిలోకి వచ్చింది. మా ఇల్లు, పక్కిళ్లు కళ్లముందే పోయాయి. ఇళ్లలో మాత్రం ఒక్కరూ లేరు.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ అరచెయ్యి మంచులా ఉంది. ఇంతసేపూ ఇంత భయంతోనా అందరితో మాట్లాడింది అనిపించింది నాకు.

"గట్టు తెగుతుందని నీకు ముందే తెలుసా పెద్దమ్మా?" అని అడిగాను.

"తెలీదమ్మా. తెలీదు గనకే మెరక మీదకి పదమన్నాను."

ఇప్పుడు నేను అప్పటి పెద్దమ్మకన్నా పెద్దదాన్ని. ఏదైనా విషయం పూర్తిగా అర్థమైపోయిందని మనసు కుదుటపడినప్పుడల్లా, ఆ చల్లటి అరచెయ్యి నా చేతిని పట్టుకున్నట్టే ఉంటుంది. అక్కడే ఆగి, నాకు తెలియనిది ఇంకేం మిగిలిందా అని వెతుక్కుంటాను.