పన్నెండు నిమిషాల ఇరవై సెకన్లు

అమీర్‌పేటలో ఒక శిక్షణ సంస్థ కొత్త గదులు కట్టుకుంటోంది. మొన్న మధ్యాహ్నం మెట్రో దిగి ఆ పక్కగా నడుస్తుంటే, అప్పుడే కోసిన ప్లైవుడ్ వాసన, దాని మీద ఇంకా ఆరని వెండిరంగు పెయింటు వాసన కలిసి ముక్కుకు తగిలాయి. నడుస్తున్నవాణ్ణి అక్కడే ఆగిపోయాను. ఆ వాసనకు భయపడవలసిన కారణం ఇప్పుడు నాకేమీ లేదు. కానీ ఒకప్పుడు సరిగ్గా ఆ రెండు వస్తువులతోనే కట్టిన అంతరిక్ష నౌకలో నా ఉద్యోగం ఉండేది. ఆ నౌకకు నిర్మాత మారిన వారమంతా నేను ఆ వాసన పీలుస్తూనే భయపడ్డాను.

సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు అమీర్‌పేట మేడల కిటికీలను కూడా కప్పేసిన సంవత్సరాలవి. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివిన నేను ఉదయం పూట ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ప్రోగ్రామింగ్ పాఠాలు చెప్పి, మధ్యాహ్నం పంజాగుట్టకు నడిచి వెళ్లి ఒక టీవీ సీరియల్‌కు సాంకేతిక సలహాదారుగా పనిచేసేవాణ్ణి. వారానికొక్కసారి వచ్చే సైన్స్ కథ అది. కూతురు అంగారకుడి మీద ఉంటుంది, తండ్రి హైదరాబాదులో ఉంటాడు, ఇద్దరూ ఒక యంత్రం ద్వారా మాట్లాడుకుంటారు. మొదటి నిర్మాత కామేశ్వరరావు గారు పదవీ విరమణ చేసిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే: మాట కాంతి కంటే వేగంగా వెళ్లకూడదు. రెండు గ్రహాల మధ్య దూరం రోజురోజుకూ మారుతుంది గనుక, ప్రతి ఎపిసోడ్‌కూ ఆ ఆలస్యాన్ని లెక్కగట్టడం నా పని. తండ్రి ప్రశ్న అడగగానే తెర మీద ఒక కార్డు వచ్చేది: ‘సంకేత ప్రయాణం - 12 నిమిషాల 20 సెకన్లు’. ఆ వెంటనే జవాబు వచ్చేది. ఆ కార్డు నా గర్వం. దాన్ని మినహాయిస్తే ఆ ఆఫీసుకు నాతో మరే అవసరమూ లేదని నాకూ తెలుసు, అందరికీ తెలుసు.

కామేశ్వరరావు గారికి గుండె జబ్బు చేసి, డాక్టర్లు విశ్రాంతి తీసుకోమనడంతో సీరియల్ యాదగిరి అనే ఆయన చేతికి వెళ్లింది. షూటింగులకు లైట్లు, జనరేటర్లు అద్దెకిస్తూ ఎదిగి, కుటుంబ సీరియళ్లు తీసిన మనిషి. చనిపోయిన మేనత్తను ఒకే సీరియల్‌లో రెండుసార్లు బతికించాడని మా ఎడిటర్ నవ్వుతూ చెబితే నాకు నవ్వు రాలేదు. శ్రీనగర్ కాలనీలోని కామేశ్వరరావు గారింటికి పరుగెత్తాను.

“ఆ ఆలస్యం తీసేస్తారేమోనండీ.”

“తీసేస్తే తీసేస్తాడయ్యా. సీరియల్ ఇప్పుడు ఆయనది. నువ్వు మాత్రం లెక్క తప్పకు,” అన్నారాయన.

ధైర్యం కోసం వెళ్లినవాణ్ణి మరింత బెంగతో తిరిగొచ్చాను.

యాదగిరి గారు మొదటిరోజు సెట్‌కు వచ్చి, నౌక గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టారు. అంగారకుడి మీదికి ఉత్త కాళ్లతో వెళ్లిన మొదటి మనిషి ఆయనే. గోడల మీది మీటలన్నీ ఒక్కొక్కటే తాకి చూసి, వెనక్కి తిరిగారు.

“కార్డు రాసెటోడు ఎవరు?”

“నేనేనండి.”

“నువ్వేనా సైంటిస్టు భాయ్? కూసో. నీ కార్డు మా అమ్మకు సూపిచ్చిన. ఏందిరా, బస్సుల టైం లెక్క రాసిన్రు అన్నది.”

లైట్‌మెన్లు నవ్వారు. నేను కాంతివేగం గురించి ఏకబిగిన వివరించాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

“మంచిగ చెప్పినవ్. గని ఆగింది ఎవరు? నాయిన అడిగిండు, నీ కార్డు వచ్చింది, బిడ్డ చెప్పింది. మూడు సెకన్లు. పక్కింటోళ్లతోని మాట్లాడినట్టే ఉన్నది. కార్డు తీసెయ్.”

నాకది తీర్పులాగే వినిపించింది. కార్డు పోతే ఆలస్యం పోతుంది, ఆలస్యం పోతే నేను పోతాను. ఆ వారం లెక్కను మూడుసార్లు సరిచూశాను. మూడుసార్లూ అదే జవాబు వచ్చింది, అయినా నాలుగోసారి మొదలుపెట్టాను.

షూటింగ్ రోజు ఉదయం చాయ్ తాగుతూ ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

“మా అన్న మస్కట్‌ల ఉండె. మా ఇంట్ల ఫోను లేదు. క్యాసెట్ల మాటలు నింపి పంపుతుండె. అమ్మా, మంచిగున్నవా అని అడిగి జర ఆగుతుండె. అమ్మ టేపురికార్డరు ముందల కూసోని, మంచిగున్న బిడ్డా, నువ్వు తిన్నవా అంటుండె. చెప్పుడు అయిపోకముందే అన్న మల్ల మాట్లాడితే, టేపు ఆపుమంటుండె నన్ను. గా మాట మస్కట్ దాక పోదని ఆమెకు తెల్వదా? తెలుసు.” చాయ్ గ్లాసు కింద పెట్టారు. “గా ఆగుడు కావాలె నాకు. ఇయ్యాల సీను నిలవడితే నీ రూలు ఉంటది. లేకుంటే రేపటి సంది డైరెక్టు ఫోనే.”

ఇక్కడ మా పని పద్ధతి ఒకటి చెప్పాలి. సీరియళ్లలో నటులు సంభాషణలు కంఠస్థం చేయరు. కెమెరా వెనుక నిలబడి ఒకరు వాక్యాన్ని పైకి చదువుతారు. నటుడు దాన్ని వెంటనే అందుకుంటాడు. చదివిన గొంతు చెరిగిపోయేలా తరవాత డబ్బింగ్ చేస్తారు. వాక్యం వెనుక వాక్యం వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరూ దేనికోసమూ ఆగరు. మా సీరియల్‌లో ఎదురుచూపు లేకపోవడానికి అసలు కారణం అదేనని అప్పటిదాకా నాకు తట్టలేదు.

“ఇయ్యాల ప్రాంప్టింగు నువ్వే చెయ్యి,” అన్నారు యాదగిరి గారు. “నాయిన అడిగినంక చప్పుడు చెయ్యకు.”

“ఎన్ని సెకన్లండి?”

“నీకు ఫికరయ్యేదాక, గుబులు పుట్టేదాక. ఫికరయినంక ఇంకో జరంత.”

తండ్రి వేషం వేసే పరంధామయ్య గారు పాత రంగస్థల నటులు. ఆయనకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పవద్దన్నది యాదగిరి గారి ఆజ్ఞ. నౌకలో గాలి కారిపోతోంది, కూతురు లోపలి గదిలోకి పారిపోయింది. మాట చేరడానికి పన్నెండు నిమిషాల ఇరవై సెకన్లు, జవాబు రావడానికి మళ్లీ అంతే. కెమెరా తిరిగింది. నేను చదివాను. “తల్లీ, తలుపు మూసుకుందా?” ఆయన అందుకున్నారు. “తల్లీ, తలుపు మూసుకుందా?”

నేను ఆగిపోయాను. నాలుగు సెకన్ల దాకా ఆయన ముఖం చెక్కుచెదరలేదు. తొమ్మిదో సెకనుకు కనురెప్పలు కదిలాయి. ఆయన అరిచేస్తారనీ, టేకు పాడవుతుందనీ, దానితో అంతా ముగుస్తుందనీ అనుకున్నాను. పదిహేనో సెకనుకు ఆయన చెయ్యి ఉత్తరీయం అంచును వెతుక్కుంది. ఇక నేను లెక్కపెట్టలేకపోయాను. వాక్యం నా నాలుక చివరే ఉంది. ఆయన యంత్రం వైపు వంగి, చెవి దానికి ఆనించి, అలాగే ఉండిపోయారు. అప్పుడు కూతురి జవాబు చదివాను. “మూసుకుంది నాన్నా.”

కట్ చెప్పగానే ఆయన లేచారు. “ఏంటయ్యా ఇది? ఇన్నేళ్లుగా వేషాలేస్తున్నాను, నన్నిలా గాలిలో వదిలేసినవాడు లేడు!”

యాదగిరి గారు చేతులు జోడించారు. “పెద్దాయనా, తప్పు నాది. తిట్టాలనుంటే నన్ను తిట్టున్రి. గని ఒక్కసారి సూడున్రి.”

ఆయన మానిటర్‌లో తన ముఖాన్ని రెండుసార్లు చూసుకున్నారు. “ఉంచండి,” అన్నారు చివరికి. “కానీ ఇంకోసారి ముందు నాతో చెప్పండి. ఆగమంటే నేను ఆగలేనా?”

ప్రసారమైన రోజు కామేశ్వరరావు గారు ఫోన్ చేశారు. “కార్డు తీసేశారేంటి? అయినా మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఆ పిల్ల పలుకుతుందా లేదా అని రెండుసార్లు అడిగింది. నా హయాంలో ఒక్కసారీ అడగలేదయ్యా,” అన్నారు. ఆ మాటలో బాధ ఎంతో, సంతోషం ఎంతో నేను కొలవలేకపోయాను.

యాదగిరి గారు నా సీరియల్‌ను కాపాడారని రాస్తే అబద్ధమవుతుంది. నౌకలోని మొక్కల గదిని కూల్చి ప్రతినాయకుడికి సింహాసనం వేయించారు. నెలలు పట్టే ప్రయాణంలో, భూమి నుంచి బయలుదేరిన మూడో వారానికే ఒక మేనబావను అంగారకుడి మీద దింపారు. వాదించి ఓడిపోయాను. కానీ ఆలస్యాన్ని మాత్రం చివరి ఎపిసోడ్ దాకా ఎవరూ తాకలేదు. పరంధామయ్య గారికి ప్రతిసారీ ముందే చెప్పేవాళ్లం. ఆయన ప్రతిసారీ మొదటిసారి కంటే బాగా ఆగారు.

ఇప్పుడు నేను ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో కొత్తవాళ్లను ఉద్యోగాలకు ఎంపిక చేస్తాను. అంతరిక్షం గురించి నాకు తెలిసినదేదీ అక్కడ పనికిరాదు. ప్రశ్న అడిగే ముందు, “తొందరేమీ లేదు, నేను ఆగుతాను,” అని చెబుతాను. పోయిన వారం ఒక అమ్మాయి ప్రశ్న విని బల్ల వైపు చూస్తూ ఉండిపోయింది. పక్కనున్న సహోద్యోగి జాలిపడి ఒక సూచన ఇవ్వబోయాడు. నేను అతని మోచేతిని తాకి వారించాను. ఆమెకు జవాబు రాదేమో, నేను చేస్తున్నది క్రూరత్వమేమో అని కంగారుపడ్డాను. ఆ కంగారు ఇన్నేళ్లలో ఒక్క సెకను కూడా తగ్గలేదు. గడియారం వైపు చూడకుండా కూర్చున్నాను.