ముగ్గుపిండి గీత

ఆళ్లగడ్డ దగ్గరి బడిలో తొమ్మిదో తరగతికి కృష్ణబిలం గురించి చెప్పాలని నంద్యాలలో సాగే గుడ్డ, గోలీలు, ఒక ఇనుప గుండు కొనుక్కుని వెళ్లాను. పిల్లలు నాలుగు పక్కలా గుడ్డ పట్టుకున్నారు. మధ్యలో గుండు పెడితే గుడ్డ కుంగింది. వదిలిన గోలీలన్నీ అందులోకే జారాయి. గుండు చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, "ఇది దాటితే వెలుతురు కూడా వెనక్కి రాదు" అన్నాను.

ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి మామూలుగా అంది: "మా చేని కాడ ఉండాది సార్, అట్లాంటిది. గీత గూడా గీసినాం."

ఒక్కరూ నవ్వలేదు. అందుకే బడి వదిలాక ఆమె వెంట వెళ్లాను.

శనగ చేను గట్టు పక్కన, నీళ్లు పడలేదని వదిలేసిన బోరు. మీద గోనెసంచి ఒకటి కప్పారు, అంతే. చుట్టూ ముగ్గుపిండితో గుండ్రటి గీత.

"చిన్నపిల్లోళ్లు ఈడ్నే ఆడుకుంటాంటారు సార్. వాన పడితే మల్లా గీస్తాం."

సంచి తీసి రాయి వేశాను. ఎంతసేపు విన్నా చప్పుడు రాలేదు. సంచి మళ్లీ కప్పి అడిగాను:

"పెద్దోళ్లకు చెప్పలేదా?"

"చెప్పినాం. మూస్తామంటాండారు."

తిరిగి వస్తూ చూశాను. ఊళ్లో ప్రతి ఇంటి ముందూ నాపరాయి అరుగే. గొడ్ల పాకలో కూడా నాపరాయే పరిచారు. ఆ జానెడు రంధ్రం మీదికి మాత్రం ఒక్క బండ రాలేదు.