వెర్లీన్ పంటి బాకీ

అమెరికాలోని టొలీడో ఊళ్లో ఒక బడి వంటగదిలో ఇరవై రెండేళ్లుగా గరిటె తిప్పుతున్న వెర్లీన్ హాచర్ ఎవరి ముందూ చేయి చాచిన మనిషి కాదు. రెండేళ్ల కిందట దవడపన్ను పుచ్చి ముఖమంతా వాచిపోతే, డాక్టరు నరం తీసి తొడుగు వేశాడు. బిల్లు పంతొమ్మిది వందల డాలర్లు. ఆమె ఇన్సూరెన్సు పళ్ల ఊసే ఎత్తదు.

ఆమె గాభరా పడలేదు. నెలనెలా ఎంతో కొంత పంపుతున్నంతకాలం బాకీవాళ్లు మన జోలికి రాలేరని వాళ్లమ్మ చెప్పేది. ఆ వీధిలో అందరూ అదే చెప్పేవాళ్లు. ఏ చట్టంలో ఉందని మాత్రం ఎవరూ అడగలేదు. వెర్లీన్ నెలకు ఇరవై ఐదు డాలర్ల చెక్కు పంపింది, ఒక్క నెల తప్పలేదు. డాక్టరు ఆఫీసు వాళ్లు చెక్కులు మార్చుకుంటూనే ఉన్నారు. మధ్యలో ఏదో వసూళ్ల కంపెనీ పేరుతో ఉత్తరాలొస్తే మోసగాళ్లనుకుని చించి పారేసింది. ఆమెను తప్పుపట్టి ఏం లాభం? ఇంటికొచ్చే ఉత్తరాల్లో సగం మోసాలే.

ఈ వసంతంలో ఆమెకు కావలసింది ఒక్కటే, కింది అంతస్తులో ఇల్లు. పక్షవాతం వచ్చిన భర్త ఓడెల్ మూడో అంతస్తు నుంచి దిగి ఐదు నెలలైంది. లిఫ్టు లేదు. బడి దగ్గర ఒక ఇల్లు ఖాళీ అయితే దరఖాస్తు పెట్టింది.

గురువారం పని దిగి, కాళ్లీడ్చుకుంటూ ఆ ఇళ్లు అద్దెకిచ్చే ఆఫీసుకు వెళ్లింది. గుమాస్తా మార్లా కంప్యూటర్ చూసి, క్రెడిట్ స్కోరు చాలలేదని, పళ్ల బాకీ వసూళ్ల కంపెనీకి పోయి రికార్డులో కూర్చుందని చెప్పింది.

"నెలనెలా కడుతూనే ఉన్నానమ్మా."

"ఇంత చొప్పున కడతానని వాళ్లతో ఒప్పందం రాయించుకున్నారా?"

"రాయించుకోవడమేంటి? డబ్బులు తీసుకున్నారుగా."

"ఇస్తే ఎవరొద్దంటారండీ? ఒప్పందం లేకపోతే మిగతాది వసూళ్లకు పంపేస్తారు."

అభ్యంతరం రాసి పంపితే రికార్డు మారవచ్చేమో కానీ నెల పైనే పడుతుందని, అప్పటిదాకా ఇల్లు ఆగదని మార్లా మెల్లగా చెప్పింది. గట్టిగా తిట్టాలనిపించింది వెర్లీన్‌కు. ఓపిక లేక లేచి వచ్చేసింది.

మూడంతస్తులెక్కి తలుపు తీసేసరికి ఓడెల్ బయటికి బయల్దేరేవాడిలా బూట్లు వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఒంటి చేత్తో ఆ లేసులు కట్టడానికి పొద్దంతా పట్టి ఉంటుంది. ఆమె ముఖం చూశాడు.

"నా రోగం వల్లేనా?"

"కాదులే. నా పంటి వల్ల."

అతను కాలు ముందుకు చాపాడు. వెర్లీన్ నేలమీద కూర్చుని లేసులు విప్పింది.