కూర వండనన్న మాట

దిల్‌సుఖ్‌నగర్ వెనక కొత్త కాలనీలు లేస్తున్న రోజులవి. ఏ గల్లీలో చూసినా ఇసుక కుప్పలు, సగం కట్టిన గోడలు, టూలెట్ బోర్డులు. నేను కిరాయికి దిగిన ఇల్లున్న చోట ఒకప్పుడు మా పల్లికాయ చేను ఉండేది. ఆ సంగతి ఇంటివాళ్లకు చెప్పలేదు. చెబితే జాలిపడతారు, లేదా నమ్మరు. రెండూ నాకు పడవు.

ఇంటాయన గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ మాస్టారు. పైన ఆయనా, భార్యా ఉండేవారు, కింద గది నాది. ఇల్లు చూడబోయిన రోజు తులసికోట, లోపలి కర్పూరం వాసన గమనించి వీళ్లు మాంసం ముట్టని మనుషులని తెలుసుకున్నాను. మాంసం తింటారా అని ఇప్పుడు నన్ను అడుగుతారనీ తెలిసిపోయింది. ఏం తినాలో ఇంకొకరితో చెప్పించుకోవడం మా ఇంటా వంటా లేదు. అందుకే ఆయన భార్య "వంట మీరే చేసుకుంటారా అన్నయ్యగారూ?" అనగానే, మిగతాది అడగనివ్వకుండా నేనే చెప్పేశాను.

"అన్నం ఒక్కటే వండుకుంటనమ్మా. మా ఆమె పోయినకాడి నుంచి కూర వండుడు లేదు. ఈ ఇంట్ల గూడ వండ. మాట ఇస్తున్న."

దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మీ ఇష్టమండీ" అన్నాడాయన, చాలా మెల్లగా. నా మాటకు తృప్తి పడ్డారనుకున్నాను.

మా వైపు ఒట్టిగా కూర అంటే మాంసం. వంకాయను వంకాయే అంటాం, బీరకాయను బీరకాయే అంటాం. "ఇయ్యాల కూర" అన్నామంటే ఆ ఇంట్లో మాంసం ఉడుకుతున్నట్టు. వాళ్ల వైపు కూర అంటే వంకాయా, బెండకాయా, దొండకాయా. నేను మాంసం వండనని మాటిచ్చాను. వాళ్లేమో, కొందరు కాశీలో ఒక పండో కాయో వదిలి వస్తారే, అలా ఈయన భార్య పేరున అన్ని కూరలూ వదిలేశాడని విన్నారు. ఈ తేడా నాకు తెలియడానికి ఏడాది పట్టింది.

ఆ ఏడాదీ ఆమె దాదాపు రోజూ ఒక గిన్నె పంపేది. అందులో గోంగూర పచ్చడో, మాగాయో, గడ్డ పెరుగో ఉండేది. పైనుంచి గుత్తివంకాయ మగ్గే వాసన దిగి వచ్చేది, నా గిన్నెలోకి మాత్రం ఎన్నడూ రాలేదు. కిరాయిదారుకు ఇంతవరకే అని కొలిచి పెడుతున్నారనుకున్నాను. అడగలేదు. ఖాళీ గిన్నె తిరిగి పంపే అలవాటు మాకు లేదు కాబట్టి రెండు నిమ్మకాయలో, గుప్పెడు పల్లీలో వేసి ఇచ్చేవాణ్ని.

సాయంత్రాలు మాత్రం నావి. చీకటి పడేముందు మాస్టారు దిగి వచ్చి మెట్ల మీద కూర్చునేవారు. మాంసం ఒంటికి మంచిదా, చెడ్డదా అన్నది మా వాదన. అది ఎలా మొదలైందో గుర్తులేదు, తెగింది మాత్రం ఒక్కరోజూ లేదు.

"ఏనుగును చూడండి. ఆకులు తిని అంత బలం" అనేవారు.

"ఏనుగు పొద్దంత తింటనే ఉంటది. మనకు వేరే పని లేదా?"

"మీకేం పనుందండీ, నాతో వాదించడం తప్ప!"

నిజమే. ఆయన పేపర్లో తన వైపు వచ్చిన ముక్కలన్నీ కత్తిరించి తెచ్చేవారు. గుండెకు చేటని ఒకటి, కీళ్లకు చేటని ఒకటి. నా దగ్గర కత్తిరింపులు లేవు, మా తాత ఉన్నాడు. ఎనభై దాటినా పళ్లు ఊడలేదు, రోజు విడిచి రోజు మాంసం లేనిదే పీట మీద కూర్చోలేదు.

"మీ తాతగారు రోజంతా చేల గట్ల మీద తిరిగారు కాబట్టి అరిగిందండీ. మీరు తిరుగుతున్నారా?"

"మీరు పాలు తాగుతరు, నెయ్యి పోసుకుంటరు. అవి చెట్టుకు కాస్తయా?"

"కొట్టారు దెబ్బ!" అని ఆయన తొడ మీద చరుచుకుని నవ్వేవారు.

మాంసం తరఫున అంత గట్టిగా వాదించే నేను రెండేళ్లుగా దాన్ని నోట పెట్టలేదు. నాకు వండడం సరిగా రాదు. పైగా దుకాణం ముందు వరసలో నిలబడి అడగాలి. మా నాన్న కాలంలో ఊళ్లో యాట తెగితే మా వాటా ఇంటికి వచ్చేది. ఇదేదీ మాస్టారికి చెప్పలేదు. చెబితే వాదన అయిపోతుంది. వాళ్లు కూతురింటికి విజయవాడ వెళ్లిన వారం రోజులూ నేను పాలవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.

వానలు వెనకబట్టాక ఒకరోజు మెట్లు దిగుతూ కళ్లు తిరిగి పడ్డాను. మాస్టారే రిక్షాలో దవాఖానకు తీసుకుపోయారు. ఆయన్ను బయట కూర్చోబెట్టి డాక్టర్ నా కనురెప్ప కిందికి లాగి చూశాడు.

"ఏం తింటున్నరు?"

"అన్నం, తొక్కు, మజ్జిగ."

"గదే తిండా? రక్తమే లేదు. కార్జం తినండి, మటన్ తినండి."

బయటికి వచ్చి, తిండి చాలడం లేదన్నాడని మాత్రం చెప్పాను. మిగతాది చెబితే గెలిచినట్టు అవుతుంది. మోసుకొచ్చిన మనిషి ముందు గెలవాలనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ నా గుమ్మంలోకి వచ్చారు. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

"అన్నయ్యగారూ, ఆ పట్టు ఇక వదిలేయండి. వదినగారు ఉంటే ఇలా చిక్కిపోనిస్తారా? కూర వండుకోండి."

"మాట ఇచ్చిన గదమ్మా."

"మాట మాకే కదండీ ఇచ్చారు" అన్నారు మాస్టారు. "మేమే చెబుతున్నాం. శుభ్రంగా కూర వండుకుని తినండి."

ఏడాదిగా వాదనలో ఒక్క మెట్టు కూడా దిగని మనిషి, నా ప్రాణం కోసం తన ఇంటి ఆచారాన్నే పక్కన పెడుతున్నాడనుకున్నాను. అంత పెద్ద మాట నాతో ఎవరైనా అని చాలా ఏళ్లయింది.

ఆ ఆదివారం చంపాపేట్ రోడ్డు మీది దుకాణానికి పోయి వరసలో నిలబడ్డాను. కత్తి పట్టుకున్న ముసలాయన తల ఎత్తి చూసి ఆగిపోయాడు.

"పటేలా! నువ్వొచ్చినవా? మా నాయిన మీ ఇంటికే తెచ్చేటోడు గద!"

వెనకవాళ్లందరూ నన్ను చూశారు. "పావుకిలో" అన్నాను.

"పావేంది పటేలా?" అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, పావుకిలోనే కొట్టి, మోదుగాకులో చుట్టి, చేతిలో కాకుండా నా సంచిలోనే పెట్టాడు.

కిరోసిన్ స్టవ్ మీద, తలుపు బార్లా తీసి పెట్టి వండాను. దాచవలసిన పని కాదు కదా. సగం ఉడికేసరికి పైన కిటికీలు ధడధడ మూసుకున్నాయి. మాస్టారు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని దిగారు.

"ఏమిటండీ ఈ పని? మా ఇంట్లోనా?"

"మీరే గద అన్నది, కూర వండుకోమని."

"కూరంటే కూరండీ! వంకాయో, దొండకాయో..."

ఆయన వెనక మెట్ల మీద ఆమె నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, అన్నయ్యగారి వైపు కూరంటే ఇదేనేమోనండీ! మనమే..."

మాస్టారు ఒక్క క్షణం నన్నూ గిన్నెనూ మార్చి మార్చి చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. తొడ చరుచుకునే ఆ పాత నవ్వే. "ఏడాది పాటు పచ్చడి మెతుకులు తినిపించామండీ మీ చేత!"

నేనూ నవ్వి ఉంటే సరిపోయేది. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం పావుకిలో అడిగినప్పటి చూపులు ఇంకా వీపు మీద ఉన్నాయి. నవ్వుతున్న మనిషి ముందు నిటారుగా నిలబడి, "ఈ నెలాఖరుకు ఖాళీ చేస్తా" అన్నాను.

ఆయన నవ్వు ఆగింది. "అది కాదండీ" అన్నారు. నేను తలుపు వేసుకున్నాను. ఆ సాయంత్రం ఆయన మెట్ల మీదికి వచ్చి కూర్చున్న చప్పుడు వినబడింది. తర్వాత రెండు రోజులు కూడా వచ్చారు. నేను తలుపు తీయలేదు. నాలుగో రోజు రాలేదు.

ఎల్బీనగర్‌లో దొరికిన గది ఇంటివాళ్లు అన్నీ తింటారు. నేనేం వండుకున్నా అడిగేవాళ్లు లేరు. డాక్టర్ చెప్పినట్టు తిన్నాను, రక్తం పట్టింది, కళ్లు తిరగడం పోయింది. మెట్ల మీద కూర్చుంటే నా పక్కన చోటు ఖాళీగానే ఉంటుంది.

ఎప్పుడైనా టీకొట్టు దగ్గర ఎవరో, మాంసం తింటేనే బలమండీ అంటారు. ఏనుగును చూడండి అంటాను నేను. ఆయన మాటలు, ఆయన చెప్పిన వరసలోనే, ఒక్కటీ వదలకుండా చెబుతాను. పాలూ నెయ్యీ సంగతి ఎత్తి ఎవరైనా దెబ్బ కొడతారేమోనని చూస్తాను. ఎవరూ ఎత్తరు. సరేలెండి పెద్దాయనా అని, గ్లాసు అక్కడ పెట్టి వెళ్లిపోతారు.