పెద్ద తుపాకీ, ఖాళీ తూటా

సరిహద్దులో యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది మా కఫీల్‌కు, అంటే నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమానికి, ఆఫ్రికా వెళ్లి అడవి దున్నను వేటాడాలనే పిచ్చి పట్టింది. హఫర్ అల్ బాతిన్ అనే ఎడారి పట్నం బయట ఆయనకొక తోట ఉండేది. అక్కడ నేను బండి నడిపేవాణ్ణి, తుపాకులు తుడిచేవాణ్ణి. దున్న కోసం రెండు రైఫిళ్లు తెప్పించాడు. ఒకటి మూడు వందల డెబ్బై ఐదు సైజుది, కాస్త చిన్నది. రెండోది నాలుగు వందల యాభై ఎనిమిది, దాని తూటా నా చూపుడు వేలంత పొడుగు. పెద్దదాన్ని చేతిలోకి తీసుకున్నాడో లేదో, "ఇదే" అనేశాడు.

యుద్ధమప్పుడు సైనికులు వదిలేసిన ఇసుక మూటల మీద ఆనించి, కొడుకులిద్దరూ చూస్తుండగా, దూరంగా పెట్టిన నూనె డ్రమ్మును రెండుసార్లు కాల్చాడు. రెండూ ఇసుకలోకే పోయాయి. గాలి ఎక్కువుందన్నాడు. గాలీ లేదు, దుమారమూ లేదు! మీట నొక్కకముందే ఆయన కళ్లు మూసుకోవడం పక్కనున్న నేను చూశాను.

మా నాన్నను కుంటివాణ్ణి చేసింది సరిగ్గా అదే. మా ఊరి దొర కూడా కొత్త తుపాకీ దెబ్బకు జడిసి కళ్లు మూసుకునేవాడు. నాన్నకు తెలుసు, దొర ముందు నోరు మెదపలేదు. గురి తప్పి గాయపడిన అడవిపంది, వెనక నిలబడ్డ నాన్న తొడ చీల్చింది.

దున్న ఎదుట ఈయన కళ్లు మూస్తే శవమే తిరిగొస్తుంది. చెప్పి తీరాలనుకున్నాను. ఆ మాట పైకి అనేసరికి, తోటలో వంట చేసే నిజామాబాద్ అన్న నా చెయ్యి పట్టి పక్కకు లాగాడు.

"తిక్క గిట్ల లేసిందా నీకు? కొడుకుల ముంగట ఇజ్జత్ తీస్తే రేపే ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోల్తడు. నోర్మూస్కొని ఉండు."

"కొడ్తే కొట్టనీ అన్నా. మనిషి సచ్చినంక చెప్పేదేంది?"

తూటాలు నింపేది నేనే. మూడోసారి, పేలిపోయిన ఖాళీ తొడుగునే లోపల పెట్టి తుపాకీ అందించాను. కఫీల్ మీట నొక్కాడు. టక్కుమంది, అంతే. అయినా గొట్టం జానెడు కిందికి దిగింది, భుజం అదిరింది, కళ్లు గట్టిగా మూతపడ్డాయి. పెద్ద కొడుకు ఫక్కున నవ్వాడు.

కఫీల్ ముఖం జేవురించింది. "ఎవరి పని ఇది?"

"నాదే బాబా."

వచ్చీరాని అరబ్బీలో నాన్న సంగతంతా చెప్పాను. ఆయన తుపాకీ తెరిచి ఆ ఖాళీ తొడుగును అరచేతిలోకి తీసుకున్నాడు.

"మీ నాన్న ఇప్పుడు నడుస్తాడా?"

"కర్ర పట్టుకుని, బాబా."

పెద్ద తుపాకీని కొడుకు చేతిలో పెట్టి, కొడుకులిద్దరినీ ఇంట్లోకి పొమ్మన్నాడు. చిన్నదాన్ని తీసి నాకిచ్చాడు.

"నింపు," అన్నాడు. "ఏది ఖాళీదో, ఏది నిండుదో నాకు చెప్పకు."