గేటు దగ్గర పుక్కిలింత

నా భార్య పోయిన రోజు పొద్దున కాస్త గంజి తాగింది. మధ్యాహ్నం మాట పడిపోయింది. దీపాలు పెట్టే వేళకు పోయింది. ఆ రోజంతా పక్కనే కూర్చుని ఒళ్ళు తుడిచింది మా మిల్లు కూలి ఓబుళమ్మ.

ఈ రోజే మళ్ళీ పనికి వెళ్ళాను. ప్రొద్దుటూరులో ఒక వేరుశనగ మిల్లులో గేటు గుమాస్తాను. గింజలు ఏరే ఆడవాళ్ళు పని దిగేటప్పుడు నోరు పుక్కిలించి పళ్ళెంలో ఉమ్మాలి. నీళ్ళు తెల్లగా వస్తే గింజలు తిన్నట్టు. నేను పుస్తకంలో పేరు రాస్తాను. మర్నాటి నుంచి ఆమెకు పని ఉండదు.

ఈ సాయంత్రం ఓబుళమ్మ ఉమ్మిన నీళ్ళు తెల్లగా ఉన్నాయి. నేను కలం తీశాను. ఆమె వెనకున్న సుబ్బమ్మ గేటు పక్క బస్తాలోంచి పిడికెడు గింజలు తీసి, ఎదురుగా కాపలా నిలబడ్డ మేస్త్రీని చూస్తూ నమిలింది. తర్వాత వరుసలో ఉన్న ఆడవాళ్ళందరూ నమిలారు.

"ఏందే ఇది?" అని మేస్త్రీ అరిచాడు.

"మా పేర్లు గూడా రాపిచ్చప్పా. రేపు నువ్వే కూచోని ఏరుకుందువు," అంది సుబ్బమ్మ.

"ఊరుకోండే. సారు అసలే పుట్టెడు దుఃఖంలో ఉండాడు. నా ఒక్కదాని పేరు రాసుకోనీండి," అంది ఓబుళమ్మ.

నేను రాయలేదు. నా బల్ల దగ్గర కూర్చుని రోజూ పిడికెడు గింజలు తింటాను. నన్ను ఎవరూ పుక్కిలించమనలేదు. దీన్ని ఏమనాలో చదివినవాళ్ళు చెప్పండి.

రేపు పొద్దున గేటు తెరవకముందే పుస్తకంలో నా పేరు ఒక్కటే రాసి యజమాని ముందు పెడతాను.