గేటుకు వీపు పెట్టిన మేళం

నా చిన్నప్పుడు ఎండాకాలంలో మూఢం పడితే చిత్తూరులో పెళ్ళిళ్ళు ఆగిపోయినవాళ్ళు దిగులుపడేవారు గానీ, మా ఇంట్లో నాయన ముఖం మాత్రం వెలిగిపోయేది. ఆయన బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. ముహూర్తాలున్నన్నాళ్ళూ ఎవరు ఏ సినిమా పాట అడిగితే అది వాయించాలి. మూఢంలో అడిగేవాళ్ళుండరు. చేతులు ఊరుకోవు కాబట్టి మేళం వాళ్ళంతా సాయంత్రాలు మున్సిపల్ పార్కులో చేరి ఊరికంతా ఉత్తినే వినిపించేవారు. జనం గడ్డిలో కూర్చుని ఉడకబెట్టిన చెనిక్కాయలు ఒలుచుకుంటూ వినేవారు. ఏడాది పొడుగునా మనసులో దాచుకున్న కల్యాణి రాగాన్ని నాయన అక్కడ ఎత్తుకునేవాడు.

ఎత్తుకునేవాడు గానీ, ముగించగా చాన్నాళ్ళు నేను వినలేదు. పెద్దమనుషుల వల్లనే అదంతా. వాళ్ళకు గడ్డి పనికిరాదు కదా, ఎవరో ఒకరు ముందు వరసలో కుర్చీలు తెచ్చి వేసేవారు. ఆ కుర్చీలు అందరికంటే ముందు వచ్చేవి, వాటిలో కూర్చునేవాళ్ళు అందరికంటే చివర వచ్చేవారు. మేళం వాళ్ళకు పెళ్ళిపందిళ్ళలో అబ్బిన ఒక అలవాటుండేది. గొప్ప చుట్టం గుమ్మంలో అడుగుపెట్టగానే వాయిస్తున్నది ఆపి ఎదురుకోలు వరస అందుకోవాలి. అది చేతులకు ఎంతగా పట్టేసిందంటే, పార్కు గేటులో ఇస్త్రీ పంచె కనబడితే చాలు, కల్యాణి తెగిపోయి ఎదురుకోలు మోగేది. వచ్చినవాడు తన పెళ్ళే జరుగుతున్నట్టు చేతులు జోడించుకుంటూ నడిచొచ్చి కూర్చుని, కాసేపటికే ఆవలించేవాడు. రాగానికీ రణగొణకూ తేడా తెలియని ఆ ముఖాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ బాపతులో బెల్లం మండీ యజమాని ఒకడు. మూఢం పోగానే వాళ్ళింట్లో పెళ్ళి, ఊళ్ళోకెల్లా పెద్ద పెళ్ళి. ఆ మేళం తమకే దక్కాలని నాయన వాళ్ళ ఆశ. ఆ యజమాని పార్కుకు వస్తాడని తెలిసిన సాయంత్రం మా అవ్వ, అంటే నాయన తల్లి, తనూ బయలుదేరింది. మేళం వాళ్ళు బల్లలు సర్దుకుంటుంటే, "పడమటెండ కండ్లల్లో కొడతా ఉండాది, అట్లా తిరిగి కూర్సోండి" అంది నింపాదిగా. ఆమె మాటకు ఎదురుచెప్పేవాళ్ళు లేరు. అందరూ తిరిగారు. గేటు వాళ్ళ వీపుల వెనక్కి పోయింది, కుర్చీలూ అక్కడే మిగిలిపోయాయి. జనం లేచి ఇవతలికి వచ్చి మేళానికి ఎదురుగా కూర్చున్నారు. ఎండ అప్పటికే చెట్ల చాటుకు దిగిపోయిందని నాకు కనబడుతూనే ఉంది, అయినా నోరు మెదపలేదు.

నాయన రాగం మొదలుపెట్టాక మండీ యజమాని వచ్చాడు. ఎదురుకోలు మోగుతుందని గేటులో చేతులు జోడించి నిలబడ్డాడు. ఎవరూ తల తిప్పలేదు. ఎంతసేపని నిలబడతాడు? వచ్చి కుర్చీలో కూలబడి, చెమటకు తడిసిన చొక్కాల వీపులు చూస్తూ ఉండిపోయాడు. అంత తీరైన దృశ్యం నేను మళ్ళీ చూడలేదు. ఆయన వెంట వచ్చిన మనిషి అవ్వ మీదికొచ్చి, అయ్య వచ్చింది కనబడలేదా అని గద్దించాడు. వాళ్ళకు వీపున కళ్ళు లేవని అవ్వ జవాబు. దాంతో వాడు పెళ్ళి మేళం సంగతి ఎత్తాడు, ఇంక వేరేవాళ్ళను చూసుకుంటామన్నాడు. ఆ మాట నాయన చెవిన పడింది. క్లారినెట్ సన్నగా తగ్గింది. ఆయన కళ్ళు అవ్వ వైపు తిరిగాయి. ఆపేస్తాడేమో అనుకున్నాను.

అవ్వ గొంతు పెంచకుండా, నాయనకు వినబడేలా అంది: "పెండ్లిలో అయితే లేసి నిలబడతాడప్పా నా కొడుకు. ఈడ ఉత్తినే వాయిస్తా ఉండాడు. ఉత్తినే ఇచ్చేవాడు ఎవురికి లేసి నిలబడాల?"

నాయన కళ్ళు మూసుకున్నాడు. ఆ రాగాన్ని చివరిదాకా వాయించాడు.

తెల్లారేసరికి ఆ పెళ్ళికి వేరే మేళం మాట్లాడుకున్నారని తెలిసింది. మాట్లాడుకోనీ. నాయన అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచిపోయాడు. ఇక పాత పద్ధతికే పోతాడనుకున్నాను. కానీ ఆ సాయంత్రం అందరికంటే ముందు పార్కుకు పోయి, తన బల్లను తనే ఎత్తి, గేటుకు వీపు పెట్టి వేసుకున్నాడు.

ఇప్పుడు నేనుండే తిరుపతిలో మా కాలనీ పార్కులోనూ ఎండాకాలం ఉచిత కచేరీలు పెడుతున్నారు. ఊరి పిల్లలే బ్యాండు కట్టుకుని ముచ్చటగా వాయిస్తారు. సరిగ్గా పాట మధ్యలో ఎవడో నాయకుడు దిగుతాడు. పాట ఆగుతుంది, శాలువా వస్తుంది, మైకు వాడి చేతిలోకి పోతుంది. వాడు తన గొప్ప తనే చెప్పుకుంటున్నంతసేపూ ఆ పిల్లలు గిటార్లు పట్టుకుని వెర్రినవ్వులు నవ్వుతూ నిలబడాలి. జనం కూడా సిగ్గులేకుండా లేచి నిలబడి ఫోన్లు ఎత్తుతారు. నేను లేవను. పాపం పెద్దావిడ, మోకాళ్ళ నొప్పులేమో అనుకుంటారు పక్కవాళ్ళు.

నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి.